విండోలు కదలకపోతే కీబోర్డు తాళం తీసేస్తారా?

ప్రశ్న: లాగిన్ కాగానే టెర్మినల్‌ను తెర ఎడమ సగానికి, బ్రౌజర్‌ను కుడి సగానికి చేర్చే చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. అందులో వాడినవి విండోలను వెతికి కదిపే డబ్ల్యూఎంసీటీఆర్ఎల్, మనిషికి బదులు టైప్ చేసి మౌస్ కదిపే ఎక్స్‌డూటూల్ అనే కమాండ్లు. లినక్స్ కొత్త వెర్షన్‌కు మారాక సగం విండోలు జాబితాలోనే కనిపించడం లేదు. ఎవరో చెబితే నా ఖాతాను ‘ఇన్‌పుట్’ గ్రూపులో చేర్చాను. ఫలితం లేదు. నేను రాసిన ప్రోగ్రాముకు టాస్క్‌బార్‌లో సొంత ఐకాన్ కూడా రావడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ గ్రూపు నుంచి బయటికి రండి. మిగతావన్నీ తర్వాత. గ్రూపు సభ్యులను మార్చే జీపాస్‌డబ్ల్యూడీ కమాండ్‌కు ‘హైఫన్ డీ’ జోడించి మీ ఖాతాను అందులోంచి తీసేయండి. ఒకసారి లాగౌట్ చేసి, తిరిగి లాగిన్ అయ్యాక ‘గ్రూప్స్’ కమాండ్‌తో సరిచూసుకోండి.

ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది, దానితో పాటు ఇదే ప్రమాదకరమైన చిట్కా కూడా. కీబోర్డు, మౌస్ పంపే సంకేతాలన్నీ ‘డెవ్/ఇన్‌పుట్’ ఫోల్డర్‌లోని ఫైళ్ల ద్వారా వస్తాయి. మామూలు ఖాతాకు వాటిని చదివే హక్కు ఉండదు. ఆ గ్రూపులో చేరారంటే, మీ ఖాతా కింద నడిచే ప్రతి ప్రోగ్రాముకూ ఆ హక్కు వచ్చినట్టే. ఎక్కడినుంచో దించుకున్న చిన్న స్క్రిప్టు, ఎవరు రాశారో తెలియని ప్యాకేజీ, పాత ఆట, ఏదైనా సరే. మీరు టెర్మినల్‌లో సుడోకు (అడ్మిన్ హక్కుతో కమాండ్ నడిపేది) కొట్టే పాస్‌వర్డ్‌నే కాదు, తాళం పడిన తెర మీద కొట్టే పాస్‌వర్డ్‌ను కూడా అది అక్షరం అక్షరం చదవగలదు. ఏ హెచ్చరికా రాదు. ఇంత పెద్ద తలుపు తెరిచినా విండో అంగుళం కూడా కదలదు, ఎందుకంటే విండోల స్థానానికీ ఆ ఫైళ్లకూ సంబంధమే లేదు.

అసలు కారణం వేరు. లినక్స్‌లో తెర మీద విండోలను చూపే 1987 నాటి ఎక్స్11 పద్ధతిలో ఏ ప్రోగ్రామైనా మిగతా విండోలను చూడగలదు, కదపగలదు, వాటిలో కొట్టే అక్షరాలను వినగలదు. మీ స్క్రిప్టు ఇన్నాళ్లూ పనిచేసింది ఆ స్వేచ్ఛ వల్లే. దాని స్థానంలో వస్తున్న, 2008లో మొదలైన వేలాండ్ అనే పద్ధతి ఆ స్వేచ్ఛను తీసేసింది. ఇప్పుడు విండోను ఎక్కడ ఉంచాలో నిర్ణయించేది కంపోజిటర్ (విండోలన్నిటినీ కలిపి తెర మీద చూపే ప్రోగ్రాము) ఒక్కటే. పాత ప్రోగ్రాముల కోసం ఎక్స్‌వేలాండ్ అనే పొర ఉంది. దాని మీద నడిచే విండోలే డబ్ల్యూఎంసీటీఆర్ఎల్‌కు కనబడతాయి. మీ జాబితా సగమైంది అందుకే.

ఈ మార్పు సరైనదని నేను గట్టిగా నమ్ముతాను. కాని దాన్ని వాడుకరుల ముందు పెట్టిన తీరు మాత్రం క్షమించరానిది. పాత తలుపు మూసినప్పుడు, అనుమతి అడిగి తెరిచే కొత్త తలుపు ఒకటి అందరికీ కలిపి పెట్టాలి కదా! అది పెట్టలేదు. ఒక్కో డెస్క్‌టాప్‌ది ఒక్కో దారి. స్వేలో స్వేఎంఎస్‌జీ అనే చక్కని కమాండ్ ఉంది. కేడీఈలో విండో నియమాలు, దాని కంపోజిటర్ కేవిన్‌కు రాసే స్క్రిప్టులు ఉన్నాయి. గ్నోమ్‌లో ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి, పెద్ద అప్‌డేట్ వస్తే అది ఆగిపోవచ్చు. ఒకచోట రాసిన స్క్రిప్టు మరోచోట పనికిరాదు. చేతులతో మౌస్ కదపలేక స్క్రిప్టుల మీదే ఆధారపడేవారి సంగతి ఎవరు ఆలోచించారు? దారి చూపకుండా గోడ కడితే జనం గోడకు కన్నం వేస్తారు. ‘ఇన్‌పుట్’ గ్రూపు చిట్కా అలా పుట్టిందే.

మీ డెస్క్‌టాప్ ఇంకా ఎక్స్11 సెషన్ ఇస్తుంటే, లాగిన్ తెర మీద దాన్ని ఎంచుకుంటే పాత స్క్రిప్టు నడుస్తుంది. నడిచినా అందులో ఒక లోపం సరిచేసుకోండి. విండోను శీర్షికతో వెతకకండి. బ్రౌజర్ శీర్షికను నిర్ణయించేది మీరు తెరిచిన వెబ్ పేజీ. ‘టెర్మినల్’ అన్న మాట ఉన్న పేజీ తెరిచి ఉంటే స్క్రిప్టు బ్రౌజర్‌నే టెర్మినల్ అనుకోవచ్చు. విండో కదపడంతో ఆగితే నష్టం లేదు, ఎక్స్‌డూటూల్‌తో అందులో పాస్‌వర్డ్ టైప్ చేయించేవారూ ఉన్నారు. ఆ పని అసలే వద్దు. డబ్ల్యూఎంసీటీఆర్ఎల్‌కు ‘హైఫన్ ఎక్స్’ జోడిస్తే శీర్షికకు బదులు విండో క్లాస్‌తో, అంటే ఆ విండో ఏ ప్రోగ్రాముదో చెప్పే పేరుతో వెతుకుతుంది. పూర్తి తెర పరిచిన విండో అయితే, ముందు ఆ స్థితిని తొలగించి తర్వాత కొలతలు ఇవ్వండి.

ఐకాన్ సంగతి తేలిక. వేలాండ్‌లో ప్రోగ్రాము తన యాప్ ఐడీని, అంటే తన గుర్తింపు పేరును చెబుతుంది, టాస్క్‌బార్ అదే పేరున్న డెస్క్‌టాప్ ఫైలు (ప్రోగ్రాము పేరు, ఐకాన్ వంటి వివరాలు రాసి ఉండే చిన్న ఫైలు) కోసం వెతికి అందులోని ఐకాన్‌ను చూపుతుంది. రెండు పేర్లూ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. ఎక్స్11లోనైతే ఎక్స్‌ప్రాప్ అనే కమాండ్ నడిపి మీ విండో మీద క్లిక్ చేస్తే దాని క్లాస్ పేరు తెలుస్తుంది. దాన్ని డెస్క్‌టాప్ ఫైల్లో ‘స్టార్టప్‌డబ్ల్యూఎంక్లాస్’ వరుసలో రాయండి.