పెదవి ఒకచోట, మాట ఒకచోట
పాట – తెర: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఆర్కెస్ట్రాల పాడే పిల్ల పెద్ద సింగర్ కావాలనుకునే కథతోని దోస్తులం కలిసి షార్ట్ ఫిల్మ్ తీస్తున్నం. పానగల్లు చెరువుకట్ట మీద నాలుగు నిమిషాల పాట ఫోన్‌తోని షూట్ చేసినం. కొన్ని షాట్లల్ల పెదవి మొదటినుంచే వెనకబడ్డది. ఇంకొన్నిట్ల మొదట మంచిగనే కలిసి, ఆఖరుకు తప్పుతున్నది. మళ్ల షూట్ చెయ్యాల్నా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: అక్కర్లేదు. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. తేడా షాట్ పొడవునా ఒకేలా ఉంటే ఒకటి, పోనుపోను పెరుగుతుంటే ఇంకొకటి.

మొదటిది దూరంతో వచ్చింది. స్పీకరు కెమెరా పక్కన పెట్టి, అమ్మాయిని కట్ట మీద దూరంగా నిలబెట్టి ఉంటారు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. 34 మీటర్ల అవతల నిలబడ్డ మనిషికి పాట సెకనులో పదోవంతు ఆలస్యంగా వినపడుతుంది, ఫోను మైకుకు మాత్రం వెంటనే. ఎడిటింగ్‌లో ఫోను శబ్దంతో అసలు పాట ట్రాక్ కలిపారంటే పెదవి రెండు మూడు ఫ్రేములు (వీడియోలో సెకనుకు 25, 30 చొప్పున పోయే విడి బొమ్మలు) వెనకబడక తప్పదు. ట్రాక్‌ను అన్ని ఫ్రేములూ ఆలస్యంగా మొదలయ్యేలా జరపండి, సరిపోతుంది. ఈసారి స్పీకరు ఆమె కాళ్ల దగ్గరే, కెమెరాకు కనపడకుండా పెట్టండి. అప్పుడు ఫోను దూరంగా ఉంటే దాని మైకుకే పాట ఆలస్యంగా చేరుతుంది కాబట్టి, ట్రాక్‌ను అంత ముందుగా మొదలయ్యేలా జరపండి. బ్లూటూత్ ఆలస్యం చేస్తుందని చాలామంది భయపడతారు గానీ, ఒక్క స్పీకరుతో నష్టం లేదు, ఆ ఆలస్యం ఆమెకూ ఫోను మైకుకూ ఒకటే. ఇద్దరు పాడేవాళ్లకు రెండు బ్లూటూత్ స్పీకర్లు పెట్టినప్పుడే చిక్కు.

రెండోది ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది. పొద్దుగూకే వేళ వెలుతురు తగ్గితే కొన్ని ఫోన్లు ఫ్రేములు వాటంతటవే తగ్గించుకుంటాయి. 30 అని చూపించేది అసలు 29.97 కూడా కావచ్చు. తేడా వెయ్యింట ఒకవంతే అయినా, నాలుగు నిమిషాలకు 0.24 సెకను, అంటే ఏడు ఫ్రేములు! ఇప్పటికి ఆ క్లిప్పులను హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చండి. ఇంకా తప్పితే ఊపిరి తీసుకునేచోట్ల షాట్ కోసి, చరణానికి చరణం జరుపుకోండి. మళ్లీ తీసేటప్పుడు మాన్యువల్ కెమెరా యాప్‌లో 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేము వెలుతురు పట్టే సమయం) 1/50 సెకను దగ్గర లాక్ చెయ్యండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి స్టేజీ మీది ట్యూబులైట్లు కూడా మినుకుమనవు.

కలిసిందో లేదో పాట మొత్తం నడిపిస్తే తేలదు. ప, బ, మ వచ్చినచోట ఆపి చూడాలి. ‘బతుకమ్మ బతుకమ్మ ఉయ్యాలో’ తీసుకోండి. పెదవులు విడిపోయే ఫ్రేములోనే ‘బ’ వినపడాలి. ‘మ్మ’ దగ్గర అవి కాసేపు మూసుకునే ఉంటాయి, గుంయిమనే ధ్వని సరిగ్గా ఆ ఫ్రేముల మీదే పడాలి. ‘ఉయ్యాలో’ దగ్గర చూస్తే ఏమీ దొరకదు, అందులో పెదవులు కలవనే కలవవు. శబ్దం పెదవికంటే ముందొస్తే ఒక ఫ్రేముకే చూసేవాళ్లు పట్టేస్తారు. వెనకొస్తే మూడు ఫ్రేముల దాకా ఓర్చుకుంటారు, దూరం నుంచి శబ్దం ఆలస్యంగా రావడం మనకు అలవాటే కదా.

ఇంకొక మాట. నటికి పెదవులు ఆడించమని చెప్పకండి, గొంతెత్తి పాడమనండి. శ్రుతి తప్పినా ఫర్వాలేదు. మెడనరాలు ఉబ్బకుండా పైస్థాయి పాడితే ఎంత బాగా కలిపినా అబద్ధంలాగే ఉంటుంది.

ప్రశ్న: స్లో మోషన్‌లో కూడా పెదవి ఎట్ల కలుస్తది?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ఎడిటింగ్ టైమ్‌లైన్ సెకనుకు 25 ఫ్రేములదైతే 50లో తియ్యండి, పాటను రెండింతల వేగంతో వినిపించండి. నటి ఆ వేగానికే పాడాలి. రెండు లైన్లకు మించి పెట్టుకోవద్దు, నోరు తిరగదు.

ప్రశ్న: గాయకుల జీవితాల సినిమాల్లో నటులు నిజంగా పాడతారా? మా హీరో కిన్నెర పట్టుకుంటాడు, వాయించడం రాదు.
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: ఒక్కో సినిమాది ఒక్కో దారి. ‘రే’ (2004)లో వినపడేది చాలావరకు అసలు గాయకుడు రే చార్లెస్ గొంతే, పియానో మీద వేళ్లు మాత్రం నటుడు జేమీ ఫాక్స్‌వి. ‘బొహీమియన్ రాప్సొడీ’ (2018)లో అసలు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పాత రికార్డింగులకు మార్క్ మార్టెల్ అనే గాయకుడి గొంతు, కొంత నటుడిది కలిపారు. అదే ఏడాది వచ్చిన ‘ఎ స్టార్ ఈజ్ బార్న్’లో కెమెరా ముందే పాడారు. మన ‘శంకరాభరణం’లో సోమయాజులు గారికి పాడింది బాలు. ఎవరూ వేలెత్తి చూపలేదు!

చిన్న యూనిట్‌కు ప్లేబ్యాకే, అంటే ముందే రికార్డు చేసిన పాటకు పెదవి కలపడమే మేలు. ఆడిషన్ సీనులాంటిచోట, గొంతు, హార్మోనియం తప్ప ఏమీ లేనప్పుడు మాత్రం అక్కడే పాడించండి. చెవిలో సన్నటి ఇయర్‌ఫోన్, ఫ్యాన్లు బంద్, జనరేటర్ దూరం.

కిన్నెర పాలమూరు వాళ్లకు కొత్తది కాదు. 2022లో పద్మశ్రీ అందుకున్న మొగులయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెరను అందరూ చూసినవాళ్లే, తప్పు పడితే వెంటనే తెలిసిపోతుంది. పాట మొత్తం నేర్పకండి, పల్లవి ముందర వచ్చే ఒక్క బిట్టు నేర్పండి. వేళ్ల క్లోజప్ మాత్రం వాయించే కళాకారుడితోనే, హీరో చొక్కా తొడిగి తియ్యండి. ముఖం, వేళ్లు ఒకే ఫ్రేములో పెట్టొద్దు.

ప్రశ్న: పాటల పోటీ సీనులో హీరోయిన్ పాత సినిమా పాట, ఒక జానపదం పాడుతుంది. మేమే కొత్తగా పాడించినం కదా, పర్మిషన్ కావాలా?
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్

జవాబు: కావాలి. కాపీరైట్ చట్టం 31సి సెక్షన్ కింద కవర్ పాట (పాత పాటను కొత్తగా పాడింది) రికార్డు చేసుకోవచ్చు, అసలు రికార్డు వచ్చిన ఏడాది గడిచాక అయిదేళ్లు ఆగి, రాయల్టీ ముందే కట్టి. కానీ అది ఆడియోకే. బొమ్మకు జోడించాలంటే సాహిత్యం, బాణీ హక్కులున్న వాళ్ల నుంచి, సాధారణంగా ఆడియో కంపెనీ నుంచి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. టైటిల్స్‌లో కృతజ్ఞతలు వేస్తే చాలదు. రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు పోయాక 60 ఏళ్ల దాకా ఆ హక్కు ఉంటుంది.

జానపదంతోనే ఎక్కువ జాగ్రత్త పడాలి. గోరటి వెంకన్న పాటలను కూడా ఊళ్లల్లో జానపదమనే పాడుకుంటారు, రాసిన కవి ఉన్నాడని తెలియక. అడిగి చూడండి. నిజంగా ఎవరు కట్టారో తెలియని పాటయితే వాడుకోవచ్చు. అప్పుడు కూడా యూట్యూబ్‌లో దొరికిన ట్రాక్ మాత్రం దించుకోకండి, ఆ రికార్డింగు, ఆ వాయిద్యాల అమరిక వేరేవాళ్లవి. ఊళ్లో పాడే అమ్మలతోనే పాడించి, సంతకం తీసుకుని, డబ్బు ఇచ్చి రికార్డు చేసుకోండి.