సాయంత్రం పాలే ఎందుకు విరుగుతున్నాయి?

ప్రశ్న: మాది బెంగళూరు పక్కన ఆనేకల్ దగ్గర పల్లె. ఐదు హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) జాతి ఆవులున్నాయి. ఈ నెలలో నాలుగుసార్లు సాయంత్రం పాలు కాస్తే విరుగుతున్నాయని పాల కేంద్రంలో వెనక్కి పంపేశారు. ఉదయం పాలకు ఏ గొడవా లేదు. పాలలో బ్యాక్టీరియాను అక్కడికక్కడే చెప్పే నానో బయోసెన్సర్ ఉందని మా అబ్బాయి ఫోన్‌లో చూపించాడు. కొనమంటారా సార్?

జవాబు: అమ్మా, ఉదయం పాలు బాగుంటున్నాయని రాసి మంచి పని చేశారు. పొదుగువాపు అయితే సాధారణంగా రెండు పూటలా తేడా రావాలి. అందుకే నా అనుమానం క్యాను మీదికి పోతోంది. ఉదయం పాలు పోసి వచ్చాక కడిగి, తడి ఆరకుండానే మూత బిగిస్తున్నారేమో చూసుకోండి. మూతకున్న రబ్బరు వాషర్ ఊడదీసి వాసన చూడండి. క్యాను మెడ లోపలి అంచును వేలితో తడమండి. గరుకుగా తగిలితే అది ఎండిన పాల గార. పగలంతా ఆ వెచ్చటి తేమలో బ్యాక్టీరియా పెరుగుతుంది. ఈ.కోలై లాంటిది అన్నీ అనుకూలిస్తే 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఆ లెక్కన ఒక్కటి 7 గంటల్లో 20 లక్షలు దాటుతుంది.

ఇక సెన్సర్ సంగతి. అది ఉత్త ప్రచారం కాదు. మనం షుగర్ చూసుకునే స్ట్రిప్ కూడా ఈ కోవలోదే. ఎంజైమ్‌ను, అంటే రసాయన చర్యను వేగంగా జరిపే ప్రొటీన్‌ను, కరెంటు కొలిచే ఎలక్ట్రోడ్‌కు జత చేసే ఆలోచనను క్లార్క్, లియాన్స్ అనే శాస్త్రవేత్తలు 1962లోనే చెప్పారు. బ్యాక్టీరియా కోసం చేసే ఒక రకంలో, దాన్ని పట్టుకునే యాంటీబాడీ అనే ప్రొటీన్‌కు ఎంజైమ్ తగిలిస్తారు. ఎంత చిక్కితే అంత కరెంటు చూపిస్తుంది. అయితే ఎంజైమ్ సున్నితమైనది, వేడికి చెడిపోతుంది. అందుకని రొయ్యల పొట్టు నుంచి తీసిన కైటోసాన్ పొరలో దాన్ని నిలబెడతారు. కైటోసాన్‌లో కరెంటు సరిగా పారదు కాబట్టి బంగారు నానో రేణువులో, కార్బన్ నానో గొట్టాలో కలుపుతారు.

చిక్కంతా పాలతోనే. వెన్న, కేసిన్ అనే పాల ప్రొటీన్ ఆ పొర మీద పేరుకుని లెక్క తప్పిస్తాయి. పైగా ఒక యాంటీబాడీ తనకు తెలిసిన రకాన్నే పడుతుంది. మీ పాలను పులియబెట్టేది వేరే రకమైతే స్ట్రిప్ ‘ఏమీ లేదు’ అంటుంది, మీరేమో నమ్మి క్యాను సంగతి వదిలేస్తారు. నాకు ఆ భయమే ఎక్కువ. ఇప్పుడు డబ్బు పెట్టకండి.

రేపు సాయంత్రం పిండగానే ఒక్కో ఆవు పాలు వేరే గ్లాసులో తీసి కాచి చూడండి. క్యానులో పోసిన పాలను గంట తర్వాత కాయండి. క్యాను పాలే విరిగితే కారణం దొరికినట్టే. ఒక ఆవు పాలే విరిగితే, ఈ మధ్య ఈనిందా, జున్నుపాలు కలుస్తున్నాయా చూడండి. కాకపోతే డాక్టరు గారిచేత నాలుగు చనుకట్ల పాలకూ పొదుగువాపును పట్టే సి.ఎం.టి. (కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్) పరీక్ష చేయించండి. పరీక్ష కాకుండా యాంటీబయాటిక్ వేయించకండి. వేస్తే డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు కేంద్రానికి పోయకూడదు.

కేంద్రంలో మిథిలీన్ బ్లూ పరీక్ష కూడా అడగండి. 10 మి.లీ. పాలలో 1 మి.లీ. రంగు కలిపి 37 డిగ్రీల వేడిలో ఉంచుతారు. నీలం అరగంటలోపే పోతే పాలు బాగా చెడినట్టు, 5 గంటలు నిలిస్తే చాలా మంచివి. ఆ రంగు పోగొట్టేది ప్రధానంగా బ్యాక్టీరియా ఎంజైములే!

క్యానును ముందు చన్నీళ్లతో కడగండి. మొదటే వేడినీళ్లు పోస్తే పాలు గోడకు ఉడికి అంటుకుంటాయి. తర్వాత వాషింగ్ సోడా కలిపిన వేడినీళ్లతో బ్రష్ పెట్టి రుద్ది, మరిగే నీళ్లతో కడిగి, మూత తీసి ఎండలో బోర్లించండి. రబ్బరు వాషర్ మాత్రం ఈరోజే మార్చేయండి.