ప్రభు బల్లకు దూరంగా ఉంటున్నాను

ప్రశ్న: మాది గుంటూరు. పక్షవాతంతో మంచాన పడ్డ అత్తయ్యకు రెండేళ్లు అన్నీ నేనే చేశాను. ఒక రాత్రి మూడోసారి లేపి జావ అడిగితే విసుగెత్తి, ‘పోతే పీడా విరగడవుతుంది’ అనేశాను. తర్వాత కాచి తాగించాను. నాలుగో రోజున ఆమె పోయారు. తీర్పు రోజున దేవుడు ఆ మాటే అడుగుతాడని భయం. నిద్ర లేదు. రోజుకు ఇరవై ముప్పైసార్లు క్షమాపణ ప్రార్థన చేస్తున్నాను. నాలుగు నెలలుగా చర్చిలో ప్రభు బల్ల (యేసు జ్ఞాపకార్థం ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం) తీసుకోవడం లేదు. ఎవరికీ చెప్పలేదు.

జవాబు: అమ్మా, ఆ మాట తప్పే. కాదని నేను సర్దిచెప్పను. కానీ అన్న నోరూ మీదే, అర్ధరాత్రి గ్లాసు ఆమె పెదాలకు ఆనించి పట్టుకున్న చెయ్యీ మీదే. నాలుగు నెలలుగా నోటిని బోనులో నిలబెట్టారు, చేతిని సాక్ష్యానికి కూడా పిలవలేదు.

ప్రభు బల్ల రొట్టెను ‘అయోగ్యముగా’ తినకూడదన్న బైబిలు వాక్యం మిమ్మల్ని ఆపుతోందేమో. అది కొరింథు సంఘానికి అపొస్తలుడైన పౌలు రాసిన మొదటి ఉత్తరంలోది. మొదటి కొరింథీ 11వ అధ్యాయం 20వ వచనం నుంచి నిదానంగా చదవండి. ఆ సంఘంలో బల్ల దగ్గర కొందరు ముందే తిని తాగేసి, లేనివాళ్లను ఆకలితో ఉంచుతున్నారు. పౌలు మందలించింది వాళ్లను. 28వ వచనంలో కూడా తన్ను తాను పరీక్షించుకుని తినమనే అన్నాడు, మానేయమనలేదు.

ప్రార్థన సంగతి. ఆమెను తలుచుకుని, పైకి వినబడేలా ఒక్కసారి క్షమాపణ అడగండి. మళ్లీ మొదలుపెట్టాలనిపిస్తే ‘చెప్పేశాను ప్రభువా’ అని లేచి పనిలో పడండి. ఎంత ప్రయత్నించినా ఆపుకోలేకపోతే అది ఓసీడీ (వద్దనుకున్నా అదే ఆలోచన, అదే పని మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్య) కావచ్చు, దానికి వైద్యం ఉంది. మీ ఊళ్లోని ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో మానసిక వైద్యులకు చూపించుకోండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే సహాయవాణి టెలీమానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. విశ్వాసం తక్కువై డాక్టరు దగ్గరికి వెళ్లానని మాత్రం అనుకోకండి.

86వ కీర్తన 11వ వచనంలో దావీదు తన హృదయానికి ‘ఏకదృష్టి’ కలుగజేయమని అడుగుతాడు. మీకిప్పుడు కావలసింది అదే. ‘అత్తను కన్నతల్లిలా చూసుకుంది’ అని చుట్టాలు మెచ్చుకున్నప్పుడల్లా పైకి తల ఊపుతూ లోపల ముడుచుకుపోతున్నారు కదా. మీ భయాన్ని ఎక్కువగా మేపుతున్నది ఆ మెప్పే అని నాకనిపిస్తోంది. దేవుడి ముందు ఒక మనిషి, ఇంట్లో ఇంకో మనిషి అయ్యారు.

అందుకే మీవారికి చెప్పండి. కన్నకొడుకు కదా, నొచ్చుకుంటారు. రెండు రోజులు మాట్లాడకపోయినా తట్టుకోండి. జావ తాగించిన సంగతి కూడా వదలకుండా చెప్పండి. ఇద్దరూ కుదుటపడ్డాక, వచ్చే బల్ల ఆదివారం ఆయనతో కలిసి ముందుకు వెళ్లండి.