ర్యాంకు పాపది, మైకు ముందు నాన్న

ప్రశ్న: మావారు టైలర్. మా పాపకు 18 ఏళ్లు. లాంగ్ టర్మ్ చదివి నీట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుంది. ఒక యూట్యూబ్ చానల్‌వాళ్లు వచ్చి ‘ఒక్కపూట తిని డాక్టర్ సీటు కొట్టింది’ అని వీడియో పెట్టారు. కింద కామెంట్లలో పాప రంగు గురించీ, కులం గురించీ రాశారు. కోచింగ్‌వాళ్లు అడగకుండానే ఫ్లెక్సీ కట్టారు. పాప గదిలోంచి బయటికి రావడం లేదు. మావారేమో ఇంకో చానల్‌కి మాటిచ్చేశారు.
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, ముందు ఆ రెండో చానల్‌కి ఫోన్ చేయండి. ‘ఒంట్లో బాగాలేదు’ అనకండి, వచ్చే వారం మళ్లీ వస్తారు. ‘పాపకి ఇష్టం లేదు’ అనండి, చాలు.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ‘ఒక్కపూట తిని’ దగ్గర. మూడు పూటలా వండిపెట్టిన తల్లికి ఆ మాట ఎలా ఉంటుందో ఊహించగలను. రేపు హాస్టల్లో పక్కమంచం పిల్ల ముందు చూసేది ఆ వీడియోనే. పాప బెంగ బహుశా అదే. ఒకసారి అడిగి చూడండి.

మీవారిని దెప్పకండి. ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల కొలతలు రాసుకున్న మనిషిని కుర్చీ వేసి కూర్చోబెట్టి, ‘మీ గురించి చెప్పండి’ అన్నారు. అదేం చిన్న సంతోషం కాదు. తన కుట్టుపని గురించి ఎంతసేపైనా చెప్పుకోనివ్వండి. పాప ఫొటో, పాప మాట మాత్రం పాప ఒప్పుకుంటేనే.

రంగు మీద రాసేవాళ్లకు మార్కులతో పనిలేదు. 2024లో ఉత్తరప్రదేశ్‌లో పదో తరగతి టాపర్‌ని కూడా ముఖం మీది వెంట్రుకల గురించి ఏడిపించారు. పాపను ఆ కామెంట్లు చదవనివ్వకండి. కులం పేరుతో తిట్టినవాటికి మీరే స్క్రీన్‌షాట్లు తీసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

ఫ్లెక్సీ సంగతి తేలిక. కోచింగ్ సెంటర్ల ప్రకటనల మీద 2024 నవంబర్‌లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఫలితం వచ్చాక విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే పేరు, ఫొటో వాడుకోవాలి. చేరిన రోజు పెట్టించుకున్న సంతకం పనికిరాదు. తీయకపోతే 1915కి, అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పండి.

నిద్ర, తిండి మానేసిందంటే మాత్రం నా జవాబులతో సరిపెట్టుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

కాలేజీ తెరిచేలోగా తెల్ల ఏప్రన్లు కావాలి. ఆ పని మీవారికి అప్పజెప్పండి. కొలతలివ్వడానికైనా పాప గదిలోంచి బయటికి రావాలి కదా!