సోషల్ ఎందుకు చదవాలని మీ అబ్బాయి అడిగితే తాకట్టు చీటీ చూపించండి

మీ అబ్బాయి తొమ్మిదో తరగతి, "ఎలాగూ ఇంజనీరింగే కదా, ఈ హిస్టరీ, సివిక్స్, ఎకనామిక్స్ నాకెందుకు" అంటున్నాడు, ఏం చెప్పాలి అని అడిగారు. చెప్పకండి, చెబితే ఆ వయసులో ఎవరూ వినరు. ఇంట్లో తాకట్టు చీటీ ఉంటే చేతికివ్వండి. లేకపోతే హోమ్ లోన్ కాగితాలైనా సరే. నాకు ఎకనామిక్స్ అలాగే వచ్చింది.

మాది చెన్నైలో పాత వాషర్‌మెన్‌పేట. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. నేను చదివింది తెలుగు మీడియం. తమిళనాడు సర్కారు పుస్తకాన్ని తెలుగులోకి మార్చి మాకిచ్చేవాళ్లు. "విదేశీ వ్యాపార చెల్లింపుల శేషం" (బ్యాలెన్స్ ఆఫ్ పేమెంట్స్, అంటే దేశంలోకి వచ్చే డబ్బుకూ బయటికి పోయే డబ్బుకూ లెక్క) అనే మాట అందులోనే మొదటిసారి చూశాను. ఆ మాటను పదిసార్లు ఇంపోజిషన్ రాశాను కానీ అది తినేదో తాగేదో తెలీదు. ఆ పుస్తకాలు తయారుచేసిన వాళ్లు ఒక్కసారైనా పైకి చదువుకుని ఉంటే అలా రాసేవాళ్లు కాదు.

1991 జులై. నేను పదో తరగతి. మే నెలలో మా ఊరి పక్కనే శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని చంపేశారు, జూన్‌లో పీవీ నరసింహారావు ప్రధాని అయ్యారు. మా సోషల్ సార్‌ది నెల్లూరు. మన తెలుగాయన ప్రధాని అయ్యాడని క్లాసులో చాక్లెట్లు పంచారు. ఆ సంబరం తీరకముందే ఒకరోజు పేపర్ పట్టుకుని వచ్చి, "ఒరేయ్, మన దేశం బంగారం తాకట్టు పెట్టిందిరా" అన్నారు. వెనక బెంచీ నుంచి ఒకడు, "ఏ సేటు దగ్గర సార్?" అన్నాడు. క్లాసంతా గొల్లున నవ్వింది.

నేను నవ్వలేదు. నా పుస్తకాల సంచీలోనే తాకట్టు చీటీ ఉంది. సాయంత్రం వెళ్లేటప్పుడు సేటు దగ్గర వడ్డీ కట్టి రమ్మని అమ్మ ఇచ్చింది.

సార్ నవ్వారు గానీ వదల్లేదు. "తాకట్టు కొట్టు లోపలికి వెళ్లిన వాళ్లెవరు?" అన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. మా వీధిలో తాకట్టు పెట్టని ఇల్లు లేదని అందరికీ తెలుసు, అయినా లేవలేదు. చివరికి నేనే లేచాను. ఎందుకు లేచానో ఇప్పటికీ తెలీదు. సేటు ఏం చేస్తాడో చెప్పమన్నారు. గీటురాయి మీద గీస్తాడు, రాళ్ల బరువు తీసేసి తూకం వేస్తాడు, వస్తువు విలువకంటే బాగా తక్కువే ఇస్తాడు, నెలకు నూటికి రెండు వడ్డీ, గడువు దాటితే వేలం అని గడగడా చెప్పేశాను. "నీ మాట మీద నమ్మకంతో ఇవ్వడా?" అన్నారు సార్. "వస్తువు బీరువాలో పెట్టుకున్నాకే డబ్బు లెక్కపెడతాడు సార్" అన్నాను.

"బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ కూడా అదే అందిరా" అన్నారు సార్. రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారం విమానాల్లో లండన్‌కు పంపింది. దాని మీద వచ్చింది సుమారు 40 కోట్ల డాలర్ల అప్పు. అంతకుముందు మే నెలలోనే ఇంకో 20 టన్నులు ఒక స్విస్ బ్యాంకుకు వెళ్లాయి. రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లే మిగిలాయట.

డాలర్లు ఎందుకు లేవని సార్ బోర్డు మీద రాస్తున్నారు: ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది, ముడి చమురు ధర పెరిగింది, అక్కడి మనవాళ్లు పంపే డబ్బు ఆగిపోయింది. ఆ మూడోది చూడగానే నా ఒళ్లు జల్లుమంది. మా మామయ్యది కడప జిల్లా రాజంపేట, కువైట్‌లో డ్రైవరు. 1990 ఆగస్టులో అక్కడ ఇరుక్కుపోయి, ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, ఎయిరిండియా తరలించిన లక్షకు పైగా జనంలో ఒకడిగా బొంబాయిలో దిగాడు. చేతిలో ఒక్క సంచీ. వీసా ఏజెంటు అప్పు మాత్రం నెత్తిమీద అలాగే ఉంది. అది తీర్చడానికే మా అమ్మ గాజులు సేటు బీరువాలోకి వెళ్లాయి. అమ్మ గాజులు, దేశం బంగారం, రెండూ ఒకే కారణంతో తాకట్టుకెళ్లాయి! చెల్లింపుల శేషమంటే ఏమిటో నాకు ఆ నిమిషంలో అర్థమైంది.

అసలు సోషల్ అర్థమైనవాడు జీవితంలో అప్పులో మునగడు, చిట్టీల్లో మోసపోడు. ఇది నా గట్టి నమ్మకం. (నేను 2003లో ఒక చిట్టీలో నలభై వేలు పోగొట్టుకున్న మాట నిజమే. అది వేరే కథ.)

ఇప్పుడు మా అమ్మాయి పదో తరగతి, సీబీఎస్‌ఈ. ఎకనామిక్స్‌లో అప్పు గురించి ఒక పాఠం ఉంది. కొల్లాటరల్ (అప్పుకు హామీగా పెట్టే ఆస్తి) అంటే ఏమిటో నిద్రలో లేపినా చెబుతుంది. మనింట్లో ఏది బ్యాంకు దగ్గరుందో చెప్పమంటే మాత్రం తెల్లమొహం వేసింది. ఆ 1991 గురించి తన నోట్సులో వాణిజ్య అడ్డంకులు తొలగించారని ఉంది, బంగారం ఊసే లేదు. ఆ నోట్సు కూడా డిసెంబరులో ఆగిపోయింది. పరీక్షలు దగ్గరపడగానే సోషల్ పీరియడ్‌ను మ్యాథ్స్ టీచరుకు రాసిచ్చేశారు. పీటీ పీరియడ్‌కున్న విలువ కూడా లేదు. పీటీ లాక్కుంటే పిల్లలు కనీసం గొడవ చేస్తారు.

హిస్టరీ సంగతీ అంతే. భాషాప్రయుక్త రాష్ట్రాలు అని ఒక లైను చదువుకుంటారు. పొట్టి శ్రీరాములు గారు 1952లో 58 రోజులు తిండి మానేసి ప్రాణం వదిలింది ఇదే ఊళ్లో, మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారింట్లో అని చెబితే మా అమ్మాయి నమ్మలేదు. ఆంధ్ర రాష్ట్రం కదా, హైదరాబాదులో అయ్యుంటుంది అంది. 1953లో రాష్ట్రం వచ్చినప్పుడు రాజధాని కర్నూలు, హైదరాబాదు అప్పటికి ఆ రాష్ట్రంలోనే లేదు. రాయపేట హైరోడ్డులో ఆయన స్మారక భవనం ముందు నుంచి తన స్కూల్ వ్యాను రోజూ పోతుంది. ఒక ఆదివారం లోపలికి తీసుకెళ్లాను. ఫోను చూసుకుంటూనే తిరిగింది, కానీ బయటికొచ్చాక "యాభై ఎనిమిది రోజులు ఎలా నాన్నా?" అని అడిగింది. నాకది చాలు.

మా అమ్మకు మాత్రం చాల్లేదు. గడువు దాటి ఆ గాజులు వేలంలో పోయాయి. 2009లో రిజర్వు బ్యాంకు ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) దగ్గర 200 టన్నుల బంగారం కొన్న వార్త చదివి, సంబరంగా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, "దేశం కొనుక్కుందిలే నాన్నా, మీ మామయ్య నా గాజులెప్పుడు కొనిస్తాడో అడుగు" అంది.