సొంత పొలానికీ కౌలు వేసి చూడు

చి. అమ్మలుకు,

నువ్వు పంపిన కంపెనీ లెక్కలు చూశాను. నికర లాభం ఏటా పెరుగుతోందని మురిసిపోతున్నావు. మీ తాతయ్య కూడా ఇంతే. కోతలయ్యాక విత్తనాలు, ఎరువులు, కూలీ తీసేసి మిగిలిందంతా లాభమే అనేవారు. అదే దిగుబడి వచ్చిన పక్క చేను కౌలురైతు మాత్రం తల పట్టుకునేవాడు. సొంత పొలానికి కౌలేమిటని తాతయ్య దాన్ని లెక్కలోకే తెచ్చుకోలేదు మరి.

కంపెనీలు అప్పు మీద వడ్డీని ఖర్చులో రాస్తాయి. వాటాదారుల డబ్బుకు కౌలు రాయవు. అది మనమే వేసుకోవాలి. ఇన్ఫోసిస్ ఒకప్పుడు ఆ కౌలు పోగా మిగిలినదాన్ని ‘ఎకనామిక్ వాల్యూ యాడెడ్’ పేరుతో వార్షిక నివేదికలోనే చూపించేది. చాలా కంపెనీలు ఆ జోలికి పోవు.

ఒక కంపెనీలో 100 కోట్లు ఉన్నాయనుకో. 60 వాటాదారులవి, 40 అప్పు. అప్పుకు వడ్డీ 10 శాతం. వడ్డీ ఖర్చు కింద పోయి ఆ మేరకు పన్ను తగ్గుతుంది కాబట్టి, 25 శాతం పన్ను లెక్కన అసలు భారం 7.5 శాతం. బ్యాంకు డిపాజిట్ వదులుకుని రిస్కుకు దిగిన వాటాదారు 14 శాతమైనా ఆశిస్తాడు. రెండూ 60, 40 పాళ్లలో కలిపితే 11.4 శాతం, అంటే 100 కోట్లకు కౌలు 11.4 కోట్లు. వడ్డీ, పన్ను కట్టకముందు లాభం 14 కోట్లు, పన్ను పోతే 10.5. అంటే 90 లక్షలు తరుగు! పేపర్లో మాత్రం 7.5 కోట్ల నికర లాభమని వస్తుంది.

వాటాదారు ఆశించే ఆ 14 శాతం ఎక్కడిదంటావా? ప్రభుత్వ బాండు వడ్డీకి రిస్కు కోసం ఇంకొంత కలిపిన అంచనా, అంతే. దశాంశాల కోసం టెన్షన్ పడకు. ఒక శాతం అటూ ఇటూ జరిపితే తీర్పు తిరగబడుతోందా, ఆ కంపెనీ గట్టు అంచున ఉన్నట్టే.

నేను దెబ్బతిన్నది ‘ఇతర ఆదాయం’ దగ్గర. ఒక కంపెనీ లాభంలో దాదాపు సగం డిపాజిట్ల వడ్డీయేనని షేర్లు కొన్నాక చూశాను. అవసరానికి మించిన నగదును పెట్టుబడిలోంచి తీసెయ్, దాని వడ్డీని లాభంలోంచీ తీసెయ్. ఒకటి తీసి ఒకటి ఉంచితే లెక్క తప్పుతుంది. గుడ్‌విల్‌ను, అంటే ఇంకో కంపెనీని కొన్నప్పుడు దాని ఆస్తుల విలువకు మించి పోసినదాన్ని, మాత్రం పెట్టుబడిలోంచి తీయకు. ఎక్కువ పోసినా, పోసింది వాటాదారుల సొమ్మేగా. ఇంకా కడుతున్న ప్లాంటు మీద పెట్టినది విడిగా చూడు, నాట్లేయని మడికి దిగుబడి అడగలేం కదా. లాభాలు ఏటా ఎగుడుదిగుడయ్యే సిమెంటు, చక్కెర లాంటి వాటికి ఒక్క ఏడాది లెక్క పనికిరాదు.

ఆదివారం వచ్చేటప్పుడు ఐదేళ్ల బ్యాలెన్స్ షీట్లు పట్టుకురా, ఇతర ఆదాయం నోట్‌తో సహా.

ఆశీస్సులతో,
పెదనాన్న