మాటలు వచ్చు, మాట్లాడటమే కష్టం

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. ఆటిజం ఉంది. మూడేళ్లు దాటేదాకా మాట రాలేదు. ఇప్పుడు లావుపాటి పుస్తకాలు చదివేస్తాడు, ఎదుటివాళ్ల మాటల్లో వ్యాకరణ దోషాలు పట్టేస్తాడు. కానీ ఎవరైనా 'నీ గురించి చెప్పు బాబూ' అంటే బిగుసుకుపోతాడు. మాట్లాడే పనిలేని ఉద్యోగం చూసుకోవాలని, కంప్యూటర్ కోర్సులో చేర్పించమని అందరూ అంటున్నారు. అదే మంచిదంటారా? – ఓ తల్లి

జవాబు: కంప్యూటర్ సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు ఆ 'మాట్లాడే పనిలేని ఉద్యోగం' అన్నదాన్ని పక్కన పెట్టండి. అలాంటిది నేనింతవరకు చూడలేదు. సాఫ్ట్‌వేర్‌లోనూ మీటింగులుంటాయి. 'దాన్ని కాస్త చూసిపెట్టు' లాంటి సగం సగం మాటలు అక్కడా తప్పవు.

మీ ఉత్తరంలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. పదాలు, వ్యాకరణం, వాక్యం కట్టడం భాష. ఎవరితో ఎంత చెప్పాలి, ఎప్పుడు ఆపాలి, ఎదుటివాళ్లు పైకి అనకుండా వదిలేసింది ఏమిటి, ఇదంతా సంభాషణ. ఆటిజంలో భాష ఒక్కో పిల్లవాడికి ఒక్కోలా ఉంటుంది. పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం గురించి రాసిన 1943 నాటి వ్యాసంలో వివరించిన 11 మంది పిల్లల్లోనే ఎనిమిది మందికి మాట వచ్చింది, ముగ్గురికి రాలేదు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక సమస్యల నిర్ధారణకు అమెరికా మానసిక వైద్యుల సంఘం తెచ్చిన పుస్తకం) అయితే మాట ఆలస్యం కావడాన్ని ఆటిజం నిర్ధారణ లక్షణాల్లోంచి తీసేసింది. భాషా లోపం తోడుగా ఉందో లేదో విడిగా రాయమంది. సంభాషణలో ఇబ్బంది మాత్రం ఏదో ఒక రూపంలో అందరిలోనూ ఉంటుంది. మీవాడికి అడ్డొస్తున్నదీ అదే.

పైగా 'నీ గురించి చెప్పు' అనేది మహా చెడ్డ ప్రశ్న. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పదు, ఎంతసేపు చెప్పాలో చెప్పదు, అడిగినాయనకు ఏం కావాలో మనమే ఊహించుకోవాలి. అదే 'పోయిన నెలలో చదివిన పుస్తకం ఏది? అందులో నీకు నచ్చని విషయం ఒకటి చెప్పు' అని అడిగి, కాసేపు నోరు మూసుకుని చూడండి. నేనూ కౌన్సెలింగ్‌లోకి వచ్చిన కొత్తలో ఇలాంటి పిల్లలతో 'కళ్లలోకి చూసి మాట్లాడు, నవ్వుతూ మాట్లాడు' అని గంటలకొద్దీ ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేయించాను. కళ్లలోకి చూడటంలో పడి అడిగిన ప్రశ్నే మర్చిపోయేవాళ్లు. మానేశాను.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. మామూలుగా పిల్లలు మాట్లాడగలిగిన దానికంటే ఎక్కువే అర్థం చేసుకుంటారు. ఆటిజం ఉన్న కొందరిలో ఇది తిరగబడి, వాడే మాటలంత గట్టిగా అర్థం చేసుకోవడం ఉండదు. పెద్ద పెద్ద మాటలు వింటే అన్నీ తెలుస్తున్నాయనుకుంటాం. కాబట్టి కోర్సు ఎంచుకునే ముందు స్పీచ్ థెరపిస్టు దగ్గర పరీక్ష చేయించండి. పదాల లెక్క ఒక్కటే సరిపోదు. విన్నది, చదివింది ఎంత అర్థమవుతోంది, కథను వరసగా చెప్పగలడా, మాట వెనక మాట అందుతోందా, ఇవన్నీ విడివిడిగా చూడమని అడగండి.

ఇక ఉద్యోగాలు. ఏ పనినైనా ఇలా తూచండి: అందులో మాట రాతలో నడుస్తుందా, నోటితోనా? సిద్ధమయ్యే వ్యవధి ఉంటుందా, అప్పటికప్పుడు చెప్పాలా? ఎదురుగా ఒక్కరా, పదిమందా? ప్రూఫ్ రీడింగ్, అనువాదం, లైబ్రరీ కేటలాగింగ్, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ల్యాబ్ రిపోర్టులు మీరు చెప్పిన లక్షణాలకు దగ్గరగా ఉన్నాయి. మ్యూజియంలో వస్తువుల గురించి వివరించే పని కూడా కొట్టిపారేయకండి. తనకిష్టమైన విషయం మీద ముందే తయారు చేసుకున్న మాటలు చెప్పడం, ఎదురుపడ్డవాళ్లతో కబుర్లాడటం ఒకటి కావు. కాల్ సెంటర్ మాత్రం వద్దు.

ఇంటర్వ్యూ గండం గట్టెక్కడానికి, ఆటిజం ఉన్న అమెరికా పశుశాస్త్ర నిపుణురాలు టెంపుల్ గ్రాండిన్ దారి చూడండి. నాలుగేళ్లు వచ్చేదాకా ఆమెకూ సరిగా మాట రాలేదు. తర్వాత పశువుల షెడ్లు డిజైన్ చేసే పనికి వెళ్లినప్పుడు తన గురించి చెప్పుకోవడం మాని, గీసిన బొమ్మలు ముందు పెట్టేవారు. మీవాడు దిద్దిన పేజీలు, రాసిన వ్యాసాలు ఇప్పటినుంచే ఒక ఫైల్‌లో దాచండి. ప్రశ్నలు ముందే రాసి పంపమని అడగడం కూడా తప్పేం కాదు.

లోపమంతా వాడిలోనే ఉందనుకోకండి. 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో ఎనిమిదేసి మంది పెద్దవాళ్లు వరసగా ఒకరి నుంచి ఒకరికి కథ చెప్పుకున్నారు. అంతా ఆటిజం ఉన్నవాళ్లయిన వరసల్లో కథ, ఆటిజం లేనివాళ్ల వరసల్లో అందినంత బాగానే అందింది. ఈ రెండు రకాలవాళ్లూ కలిసిన వరసల్లోనే ఎక్కువ వివరాలు జారిపోయాయి. అందుకే కోర్సు పేరు ఒక్కటీ చూడకుండా, అక్కడ చెప్పేవాళ్లు పనిని రాతలో, స్పష్టంగా అప్పగిస్తారో లేదో కూడా కనుక్కోండి.

కంప్యూటర్ కోర్సు మంచిదా అన్నారు. కావచ్చు. కానీ మీ ఉత్తరమంతా వెతికినా మీవాడికి ఏమిష్టమో కనబడలేదమ్మా. 'ఏమవుతావు?' అని అడక్కండి. ఒక కాగితం మీద 'ఈ వారం ఏ పని అన్నిటికంటే ఎక్కువసేపు చేశావు? ఏది మధ్యలో ఆపేశావు?' అని రాసివ్వండి. జవాబు రాతలోనే ఇవ్వనివ్వండి, రెండు రోజులు పట్టినా సరే. ఆ కాగితం నాకు పంపితే అప్పుడు కోర్సుల పేర్లు మాట్లాడుకుందాం.